ఇరవై ఐదు సెకన్లు

బ్రేకర్ మూసుకున్న ప్రతిసారీ
లోపలి స్ప్రింగు వదులైపోతుంది.
చిన్న మోటారొకటి గుర్రుమంటూ
మళ్లీ దాన్ని బిగిస్తుంది.
పన్నెండు సెకన్లు.
ఊపిరి తీసుకోవడం, అంతే.

ఆ పన్నెండు సెకన్లకే
బల్లారాట్ కంట్రోల్ రూములో అలారం మోగేది.
ఎర్ర అక్షరాలు: స్ప్రింగు బిగియలేదు.
పరుగెత్తుకొచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపి
ఆయాసమెందుకని నిలదీసినట్టు.

చెవిటివాడి ముందు శంఖం అంటారు గానీ
ఊది ఊది చెవిటివాణ్ణి చేసింది మేమే.
లయొనెల్ ట్రెసిడర్‌కి పుట్టుచెవుడేం లేదు.
ఇరవయ్యారేళ్ల రాత్రి డ్యూటీలు.
కళ్లు గళ్లనుడికట్టులో, చూపుడువేలు మీట మీద.
మోగితే నొక్కు, మోగితే నొక్కు.
వేలికి చదువు రాదు కదా.

జులై గాలివాన రాత్రి
యూకలిప్టస్ కొమ్మలు తీగల్ని గీరుతుంటే
తెరుచుకుంటూ మూసుకుంటూ బ్రేకర్లు.
తెల్లారేలోపు నాలుగొందల పన్నెండుసార్లు మోగింది.
మూడొందల ఆరోసారి మాత్రం
అబద్ధం చెప్పలేదు.
ఏడో ఫీడరు మోటారుకి ఫ్యూజు పోయింది,
స్ప్రింగు నిజంగానే బిగియలేదు.
మోగింది. వేలు నొక్కింది.
ఆ తర్వాత ఇంకో కొమ్మ.
తెరుచుకున్న బ్రేకర్ ఇక మూసుకోలేదు.

నాలుగున్నరకి నోరీన్ హ్యాగర్టీ పాకలో
పాలు పితికే యంత్రాలు ఆగిపోయాయి.
రెండొందల ఆవులు, చేపిన పొదుగులు,
చీకట్లో ఒకటే అరుపు.
దాన్ని నొక్కి ఆపే మీట ఎక్కడా లేదు.

విచారణ నివేదికలో రెండు వాక్యాలు.
అలారం వచ్చింది.
అలారం అందినట్టు నమోదైంది.
రెండూ నిజమే.
లయొనెల్‌ని ఎవరూ ఏమీ అనలేదు.
నన్నూ అనలేదు.
పాత డ్రాయింగు తీసి చూసుకున్నాను:
ఆలస్యం అన్న గడిలో ఒక సున్నా,
నా చేతిరాత.

మంచు పేరుకున్న పొద్దున స్టాప్‌వాచీ పట్టుకుని
యార్డులో నిలబడ్డాను.
గ్రీజు బిగుసుకుపోయిన ఆ చలిలో
మోటారు మూలిగి మూలిగి
పంతొమ్మిది సెకన్లు తీసుకుంది.
పైన ఇంకో ఆరు వేసి
ఇరవై ఐదు అని రాశాను.
కాగితం మీద అదొక చిన్న చతురస్రం, లోపల ఒక అంకె.
ఆలోపు తేరుకుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు.
దాటితే మాత్రం అందర్నీ లేపు.

ముప్పై ఎందుకు కాదని కుర్ర ఇంజనీరు అడిగాడు.
భయం, అన్నాను.

ఇప్పుడా గదిలో హీటరు చప్పుడు కూడా వినబడుతుంది.
మొదటివారం లయొనెల్‌కి పడలేదు.
లేచి వెళ్లి, తెర బతికే ఉందా అని
గోటితో తట్టి చూసేవాడు.
"నా చెవులు కోశావు" అన్నాడోసారి,
నవ్వకుండా.

నిన్న రాత్రి రెండింటికి
ఒకే ఒక్కసారి మోగింది.
పెన్ను వదిలేసి తలెత్తాడు.
పైకి చదివాడు, కూడబలుక్కుంటూ,
బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా.

వేలు మాత్రం
అప్పటికే నొక్కేసింది.