పోయిన మంగళవారం

పోయిన మంగళవారం ఏం చేశావని ఎవరైనా అడిగితే
నా దగ్గర జవాబు లేదు.
సోమవారం రాత్రి విమానంలో కళ్లు మూసుకున్నాను,
తెరిచేసరికి బుధవారం.
సముద్రం మీద ఎక్కడో ఒక గీత ఉందట,
మంగళవారం అక్కడ రాలిపోయిందట.
"పద్దెనిమిది నెలలాగు నెల్డా,
తిరుగుదారిలో ఏరుకుందాం" అన్నాడు లమార్.
ఐడహోలో నలభై ఏళ్లు కాలవ నీళ్లు వంతులేసి పంచినవాడు,
ఎవరి బాకీ ఎంతో మరచిపోడు.

తరావా అంటే ఇంతే నేల:
ఇటు సముద్రం, అటు ఉప్పుమడుగు,
నడుమ ఒక రోడ్డు, రోడ్డు వారన పందులు.
కొండ కోసం మెడ ఎత్తి ఎత్తి
మూడో రోజుకు మానుకున్నాను.

ఛాతీ మీద నల్ల పేరుపలకలు.
ఆయనది 'ఎల్డర్', అంటే పెద్ద.
పొద్దున్నే వచ్చే మిషన్ కుర్రాళ్లిద్దరూ ఎల్డర్లే,
మీసం ఇంకా మొహమాటపడుతున్న పెద్దలు.
ఒకడికి చొక్కా గుండీ కుట్టిపెట్టాను.
నలభై నాలుగేళ్లు లమార్ అని,
కోపమొస్తే ఇంటిపేరుతో సహా పిలిచిన మనిషిని
నలుగురిలో ఎల్డర్ అనబోయి
నవ్వొచ్చి, దగ్గుగా మార్చేశాను.

ఇక్కడి అక్షరాల్లో 'స' లేదు, నోళ్లలో ఉంది.
'తి' అని రాసి 'స' అంటారు.
వీడ్కోలు మాటను కాగితం చూసి
'తియాబో' అని చదివాను.
పక్కింటి మాతా, ఏడేళ్ల పిల్ల,
నా గడ్డం పట్టుకుని 'సాబో' అంది.
పదిసార్లు అనిపించింది.
పదిసార్లు వెళ్లొస్తానని చెప్పి
అక్కడే నిలబడి ఉన్నాను.

రెండో రాత్రి ఏడ్చాను.
కారణం పెద్దదేం కాదు,
బావి నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాలేదు.
లమార్ ఓదార్చలేదు, ఎప్పుడూ ఓదార్చడు.
బయటికెళ్లి వాననీళ్ల ట్యాంకును
వేలి కణుపుతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు.
డొల్ల. డొల్ల. డొల్ల.
ఒక చోట చప్పుడు బరువెక్కింది.
"సగానికి పైనే ఉన్నాయి. తల రుద్దుకో."

ఆదివారం మనేబాకు పిలిచారు.
ఊరంతటికీ ఒకటే కప్పు.
చూరు ఎంత కిందికంటే
తల వంచనిదే ఎవరూ లోపలికి రాలేరు,
కట్టినవాడెవడో మనుషుల్ని ఎరిగినవాడు.
లోపల బాసింపట్టు వేసుకునే కూర్చోవాలి,
కాళ్లు చాపితే ఎదుటివారిని చిన్నబుచ్చినట్టు.
లమార్ కుడి మోకాలు లోహంది. వంగదు.
కుర్రాళ్లు వెనక ఎక్కడో చోటు చూపిస్తున్నారు,
ఆయన మెడ ఎర్రబడుతోంది.

అప్పుడు నెయ్ తెరాకా
(నాకంటే పదేళ్లు పెద్దదో, అయిదేళ్లు చిన్నదో)
లేచి, తన కిందున్న చాప లాగి
చాచిన ఆ కాలి మీద దుప్పటిలా కప్పింది.
తాను గులకరాళ్ల మీద కూర్చుంది.
కాలు కనపడలేదు, ఇక తప్పు లేదు.

'ఉనిమ్వానే' అంటూ ఆయన్ని ముందు వరసకు జరిపారు.
ముసలాయన అని అర్థమట.
మా ఊళ్లో ఆ మాట
కాలవ ఆఫీసులో కేకు కోసి
తాళాలు వెనక్కి తీసుకున్న రోజు విన్నాం.

దేవుడి గురించి నాలుగు వాక్యాలు రాసి తెచ్చుకున్నాను.
చెమటకు కాగితం మెత్తబడింది.
మూడింటికి తలూపారు, ఒకదానికి నవ్వారు.
ఏమన్నానో ఎవరినీ అడగలేదు.

తెల్లారుజామున వాన.
లేచి చూస్తే మాతా మా ట్యాంకు దగ్గర,
వేలితో కొట్టి చెవి ఆనించి,
అచ్చం లమార్‌లాగే కళ్లు చిట్లించి.

చాప ఇంకా మా ఇంట్లోనే ఉంది.
తెరాకా నిన్న ఇంటిదాకా మోసుకొచ్చి, ఆయన కుర్చీ ముందు పరిచి
మారు మాటకు ఆగకుండా వెళ్లిపోయింది.
తిరిగివ్వాలో, ఉంచుకోవాలో,
ఇచ్చేటప్పుడు ఏమనాలో
ఆ మాట నాకింకా రాదు.