అరవై ఎనిమిది గ్రాముల మెత్త

బూట్లు తలకింద పెట్టుకొని పండినోనికే ఎరుక
రాత్రి ఎంత పొడుగో.
మొదటిసారి గుట్టెక్కినప్పుడు గట్లనే పండిన,
తెల్లారి మెడ ఒకదిక్కు, మనిషి ఒకదిక్కు.
లస్మన్న నవ్విండు: "ఓ మెత్త కొనుక్కో పోరా."

కొనుక్కో అనుడు అల్కటి మాట.
బేస్తారం రాత్రి రువీల నాలుగు దుకాణాలు తిరిగిన.
స్పంజి మెత్త రియాలున్నర,
సంచిల అదొక్కటే పడ్తది, రొట్టెలు చేతుల పట్టుకొని నడవాలె.
విమానంల మెడకేసుకునే గుర్రపునాడ
కూసున్నోనికే గని పండినోనికి పనికిరాదు.
అసలుది ఆటసామాన్ల షాపుల, అద్దాల పెట్టెల ఉన్నది.
గుప్పిట్ల ఇముడుతది, ఊదితే ఉబ్బుతది,
తొమ్మిది రియాల్ల తొమ్మిదొందల బైసలు.
ఎన్ని దిష్దాషాలు ఇస్త్రీ చేస్తే అన్ని పైసలు?
లెక్క సగంల ఆపి, సలాం చెప్పి వచ్చిన.

దొరికింది పిల్లల బొమ్మల కాడ.
నీళ్ళల్ల మునగకుంట జబ్బకు తొడిగే గాలితిత్తులు,
నారింజ రంగు, మీద నవ్వుతున్న చేప,
జత మూడొందల బైసలు.
చెంపకు తాకితే చెమట, కదిలితే కిర్రుమని సప్పుడు.
పైన బట్ట కావాలె.
బట్టలకేం తక్కువ నాకు?

మా లాండ్రీల వెనక దండెం మీద
రెండేండ్ల సంది ఎవ్వలు రాని దిష్దాషా ఒకటున్నది,
టోకెన్ నాలుగొందల పదిహేడు.
తెల్లగ, పల్చగ, మెడకాడ చిన్న కుచ్చు.
రంజాను రంజానుకు దుమ్ము దులిపి మళ్ళ ఇస్త్రీ చేసేటోణ్ణి,
రానోని బట్టయినా మడత చెడొద్దని.
మూడు రాత్రులు ఆలోచించిన.
ఒక్క చెయ్యే గద అనిపించింది.
చిట్టగాంగు షాహిదుల్ కుడిచెయ్యి కత్తిరించి
ఒక మూతి కుట్టి, ఇంకో మూతికి నాడ పెట్టిండు,
చాయ పైసలే తీసుకుండు.

బరువు చూద్దామని కార్గో దుకాణానికి పోయిన.
ముప్పై కిలోల డబ్బాలు మోసి మోసి
ఆ కాంటకు చిన్నయి కనపడయి. సున్న అన్నది.
మత్రా సూకుల సాంబ్రాణి అమ్మే ఖల్ఫాన్ కాంటకు కండ్లు మంచిగున్నయి.
పిత్తడి పల్లెంలకెళ్ళి బంకముక్కలు తీసి నా మెత్త పెట్టిండు.
అరవై ఎనిమిది.
"ఇదేం దూపం?" అన్నడు.
"నిద్ర దూపం" అన్న.

అర్రల ఊది చూసిన, ఎనిమిది మంచాల నడుమ.
ఉల్లిగడ్డ తాళింపు, ఏసీ తడివాసన, పోషన్న మోకాళ్ళ మందు,
అన్నీ దాంట్లకే పోయినట్టున్నయి.
గాలి తీసుడు యాది మరిచి సంచిల కుక్కిన.

జాతీయ దినం సెలవులకు
బిర్కత్ అల్ మౌజ్ అరటితోటల కాణ్నుంచి ఏడు గంటల ఎక్కుడు.
పైన సంచి ఇప్పితే
మెత్త డప్పు లెక్క బిర్రుగున్నది.
"ఎత్తుకు పోతే గాలి ఉబ్బుతది, నా చిప్సు పొట్లం చూడు"
అన్నడు లస్మన్న, పొట్లం కూడ ఇయ్యకుంట.
బిరడ నొక్కిన.
మా రువీ అర్ర ఉస్సుమని గుట్ట మీద పడ్డది,
ఉల్లిగడ్డ వాసనతోటి.
మిగిలిన అర్ర మీద చెంప పెట్టిన.
సగంరాత్రి సలికి ఇంకింత లొత్తబడి
మెత్త అప్పుడు మెత్తగయ్యింది.
నిద్ర గురించి చెప్పెటందుకేం లేదు,
నేను లేను గద ఆడ.

సెలవు అయిపోయిన తెల్లారి, షట్టరు ఎత్తంగనే
చేతికర్రతోటి ఒక ముసలాయన.
పసుపువడ్డ చీటి బల్ల మీద పెట్టిండు.
నాలుగొందల పదిహేడు.

బట్ట తెచ్చి పరిచిన. ఎడమ చెయ్యి ఉన్నది.
కుడిదిక్కు భుజం కాడ్నే బట్ట ఒడిసింది.
సంగతంత చెప్పిన, వచ్చిన కాడ అరబ్బీల,
రాని కాడ చేతులతోటి.
సేటు నా జీతంల ఐదు రియాల్లు కోసి ఆయనకిచ్చిండు.
ఆయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి జేబులేసుకున్నడు.
కడప దాటబోయి ఆగిండు.
చెంప కింద అరచెయ్యి పెట్టి, తల వంచి,
కనుబొమ్మలెత్తిండు.

"ఐవా" అన్న.

చవుక మెత్త అనుకుంటి.
లెక్కేస్తే ఐదు రియాల్ల మూడొందలు, చాయ పైసలు అలాయిద.
ఎడమ చెయ్యి ఇంక దండెం మీదనే ఉన్నది.
లస్మన్న రోజు వచ్చి దాని దిక్కే చూస్తుండు.