శనివారం పొయ్యి

మా అవ్వ లేయమ్మ కృష్ణ దాటి వచ్చినప్పుడు
చేతుల ఓ రేకు పెట్టె,
నోట్ల ఆ ఒడ్డు యాస,
పెట్టె అడుగున నలభై పేజీల నోటుబుక్కు.
యాసను మొదటి ఏడే ఇడిసిపెట్టింది.
మిర్యాలగూడ మిల్లుల కాడ
"వచ్చారా" అంటే నవ్విన్రట
నూకలు చెరిగే ఆడోళ్లు.
యాసంగి కోతల లోపు
"వచ్చిన్రా" అననేర్సింది.
నోటుబుక్కును మాత్రం ఇడువలె.

అందుల మాకు అర్థంగాని మాటలు
తెలుగు అక్షరాలల్ల.
బారూఖ్ అతా, అని మొదలు.
దీర్ఘాలు ఒక్కో పేజీల ఒక్కోతీరు,
ఒత్తులు అవ్వ ఇష్టం.
ఏ ఎడారులు దాటి నడిచొచ్చినయో,
గుణింతం కట్టుకొని
మా ఇంట్ల కూసున్నయి.

శుక్రవారం పొద్దుగూకక ముందే
కిటికీల రెండు దీపాలు.
వాడకట్టుకు అవి లక్ష్మీదేవి దీపాలు.
శనివారం నాయిన మిల్లుకు పోడు.
గుమాస్తా రామనర్సయ్య రిజిస్టర్ల
"వెంకన్న ఒక్కపొద్దు" అని రాసుకున్నడు,
గోవిందా అన్నడు, కూలి కోసిండు.
నాయిన తల ఊపిండు.
నోటితోని అననిది అబద్ధం గాదనేటోడు.

కోడిని మౌలాన్ బీ కొడుకుతోనే కోయిపిచ్చేటోళ్లం.
అవ్వ నోరుజారి షాలోం అంటే
వాలేకుం సలాం అనేది మౌలాన్ బీ,
ఇద్దరూ నవ్వేటోళ్లు, ఎందుకో వేరువేరుగ.
పాస్టర్ జయరాజు మాత్రం
ఏలియాజరు, లేయ, అన్నీ మా పేర్లే గదా,
గుడికి రారేందని
గేటు కాడ నిలబడేటోడు.
ఈ పేర్లు మీకంటె ముందటియని
నాయిన గొంతు దాక వచ్చేది.
చెంబెడు నీళ్లిచ్చి పంపేటోడు.

ఒక వరలక్ష్మి వ్రతం నాడు
పక్కింటి అండాలు
అమ్మ నొసట బొట్టు పెట్టింది.
ఆమె సందు మలిగినంక
తుడుసుకోవా, అని అడిగిన.
"ప్రేమతోని పెట్టింది.
చెమటకు అదే పోతది."
అమ్మ చాట ఆపలె.
పొద్దుమూకే దాక ఆ నొసలే చూసిన.
పోలె.

బడి ఫారంల మతం అనే గడి.
సారు పెన్ను చానసేపు ఆగింది.
ఇతరులు, అని రాసిండు.
ఎంత పెద్ద ఊరో అది.
అందుల మాది ఒక్కటే ఇల్లు.

అవ్వ పోయింది, నోటుబుక్కు నాకొచ్చింది.
ఇప్పుడు నాది బ్యాంకుల కొలువు.
రెండో శనివారం, నాలుగో శనివారం
సర్కారే ఇడిసిపెట్టింది.
మిగిలినయి నేను పోగొట్టుకున్న,
నోట్ల కట్టలు లెక్కవెట్టుకుంట.

మొన్న శుక్రవారం
దీపాలు ముట్టిస్తుంటే అండాలు వచ్చింది,
కర్ర పొడుసుకుంట, నడుము వంగి.
"ఏం కోరుకుంటున్నవే లక్ష్మమ్మను?"
ఎందుకన్ననో ఎరుకలేదు,
"పెద్దమ్మా, ఇది లక్ష్మి దీపం గాదు."
"ఎరుకే," అన్నది.
"ముప్పై ఏండ్లల్ల ఒక్క పటమన్న పెట్టిన్రా?"

అప్పుడు యాదికొచ్చింది.
ప్రతి శనివారం తెల్లారంగ
పాలగిన్నె పట్టుకొని వచ్చేది అండాలు,
మా కట్టెలు తడిసినయని.
ఎండలు మండే వైశాఖంల సుత
తడిసినయనే అనేది.
మా పొయ్యి ఆమే ముట్టించి
చాయ్ పెట్టుకొని, గిలాసెడు తాగి,
మిగిలింది మరిచినట్టు ఇడిసిపోయేది.
ఆ పొద్దు మా చేతులు
అగ్గిపెట్టె ముట్టలె ఎన్నడు.
అవ్వ అడిగిందీ లేదు.

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"
"అడిగితె అబద్ధమాడుదురు.
మీకు గా పాపమెందుకు?"

కొద్దిసేపు ఇద్దరం దీపాల కాడ కూసున్నం.
ఉప్పుడు బియ్యం వాసన
మిల్లుల దిక్కుకెల్లి వస్తున్నది.
ఇది ఎన్నో శనివారమో, నేను లెక్కవెట్టలె.
పోతపోత గడప కాడ ఆగింది.
"రేపు పాలు తెస్త," అన్నది,
"మా గ్యాసు అయిపోయింది."