గిన్నెకోడి నెత్తిన గిన్నె

కోడి తలలు ఓ పక్కకి తీసిపెడుతుంది ఖాజాబీ
నా కోసమని.
కావలి ట్రంకురోడ్డు మీద
కుక్కలు తప్ప వాటినింకెవరూ అడగరు.
"ఏం జేసుకుంటావబ్బయా, పులుసా?"
ఇరవై ఆరేళ్ళుగా అదే ప్రశ్న, అదే నవ్వు.

కాలేజీ వెనక షెడ్డులో
కుండలో నీళ్ళు పోసి మూత పెడతాను.
తొమ్మిదో రోజుకి ఎముకని మాంసం వదిలేస్తుంది,
నా చొక్కాని వాసన వదలదు.
పాత పళ్ళబ్రష్షుతో తోమితే
రెండు కంటిగుంటల నడుమ గోడ
ఉల్లిపొరంత.
ట్యూబులైటు అవతల నుంచి కనబడుతుంది.

పుంజు కపాలం చేతికిచ్చి
తురాయి ఎక్కడో చూపించమంటాను.
పిల్లలు వెతుకుతారు. తిప్పి తిప్పి వెతుకుతారు.
అంత ఎర్రగా ఊగిందా,
ఒక్క గీతయినా గీయలేదు ఎముక మీద.

మురిగిన గుడ్డు పగిలినప్పుడు చూశాను ఒకసారి,
తల ఇంకా తల కాలేదు.
బొంత కుట్టకముందు పరిచిన పేలికలు.
ముక్కు కొసన మాత్రం తెల్లటి మొన,
పెంకు పగలగొట్టడానికిచ్చిన పలుగు,
పనయ్యాక రాలిపోయేది.
బతికుంటే ఆ పేలికలన్నీ అతుక్కునేవి
కుట్టు ఎక్కడో నాక్కూడా తెలియనంతగా.

మొన్న తుమ్మలపెంట రొయ్యల గుంటల కాడ్నించి
కాపలా మాలకొండయ్య ఎరువుల సంచి తెచ్చాడు.
"పాముల కోసం పెంచినా దీన్ని.
పారెయ్యబుద్ధి కాలా.
నీ అద్దాల బీరువాలో యాడన్నా చోటుందా?"

గిన్నెకోడి.
దీని నెత్తిన నిజంగానే ఎముక.
పేరులోని గిన్నెని బోర్లించి పెట్టుకున్నట్టు
నడినెత్తిన చిన్న దిబ్బ,
లోపలంతా తేనెపట్టులా గదులు.
పిల్లప్పుడు నున్నటి తలేనంట.
ఎప్పుడు మొలిచిందంటే
మాలకొండయ్య గడ్డం గోక్కున్నాడు.
రోజూ నూకలేసేవాడికి
పెరగడం ఎట్టా కనబడుద్ది?

శుభ్రం చేశాక ఆదివారం వచ్చాడు.
అరచేతిలో పెడితే ఉలిక్కిపడ్డాడు.
"ఇంతేనా బరువు?
రాత్రిళ్ళు గుంటలన్నీ లేపేది గదా!"
బొటనవేలితో ఆ దిబ్బని
ఒక్కసారి నిమిరి ఇచ్చేశాడు.

రిజిస్టరు తీశాను.
జాతి. ఆడా మగా. దొరికిన చోటు.
సేకరించినవారు అన్న గడిలో
మాలకొండయ్య అని రాస్తుంటే
వంగి చూసి
ఇంటిపేరు కూడా రాయమన్నాడు.