సీసాడు సముద్రం

రద్దయిన హనోయ్ సమావేశం కోసం తీసుకున్న వీసా
ఇంకా నాలుగు రోజులు బతికే ఉంది.
శుక్రవారం మధ్యాహ్నం, థాఖేక్‌లో కరెంటు లేదు.
ప్రయోగశాలలో వియెంగ్‌ఖోన్ విసనకర్రతో
తనకో విసురు, నదినీళ్ళ నమూనాలకో విసురు.
"పారేసుకోవడం దేనికి?" అంది వీసాని చూసి,
గిన్నెలో మిగిలిన అన్నాన్ని అన్నట్టు.

అంతే. ఉన్నపళంగా బయల్దేరాం,
నేను, ఆమె, ఆఫీసు డ్రైవరు ఖాంఫుయ్.
బస్సు నిండా వెల్లుల్లి బస్తాలు, వాటి సందుల్లో మనుషులం.
ఇరవై ఏళ్ళు ఇతరులను మోసిన ఖాంఫుయ్
ప్రయాణికుడిగా కూర్చోవడం చేతకాక
ప్రతి మలుపులోనూ కుడికాలితో నేలను తొక్కాడు.

సరిహద్దు గేటు తెరిచేసరికి పొగమంచు.
ముద్ర వేసే కుర్రాడు పాస్‌పోర్టు తిరగేసి
"ఏం పని?" అన్నాడు.
నదులు కొలుస్తానని చెప్పబోయి
"సముద్రం" అన్నాను.
ఫారంలో దానికి గడి లేదు.

దొంగ్ హోయ్‌లో అది వీధి చివర ఉంది.
అంత పెద్దది,
ఏ ఆర్భాటమూ లేకుండా, టైర్ల దుకాణం పక్కన.

వియెంగ్‌ఖోన్ చెప్పులు చేత్తో పట్టుకుని ఆగిపోయింది.
"అవతలి ఒడ్డేది?"
ముప్పై నాలుగేళ్ళు మెకాంగ్‌కి ఇటు నిలబడి
అటు థాయ్‌లాండ్ దీపాలు లెక్కపెట్టిన మనిషి.
నీళ్ళంటే, వాటికి ఆవల
ఎవరో ఒకరు వంట చేసుకుంటూ ఉండాలి కదా.
వేలు చాపి చూపించాను,
దేన్ని చూపిస్తున్నానో నాకే తెలియదు.

సాయంత్రం స్క్విడ్ కాల్చి అమ్మే ఆవిడ
త్రాసు ముల్లు, ఖాళీ పళ్ళెంతోనే
వంద గ్రాముల దగ్గర నిలబడి ఉంది.
నా కొలువంతా ఆ ఒక్క సంగతే:
సున్నా తప్పితే పైన రాసినదంతా తప్పే.
నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది.
"బో పెన్ న్యాంగ్" అన్నాను. పర్లేదులే అని.
లావో భాషలో.
ఆవిడకి ముక్క రాదు.

ఖాంఫుయ్‌కి నవ్వుతో బీరు ముక్కులోకి ఎక్కింది.
నాకు మాత్రం కాసేపు నవ్వు రాలేదు.
ఆరేళ్ళుగా ఆ భాషని తడుముకుంటున్నాను,
రా అని పిలవబోయి
రాగం తప్పి, కుక్కా అని పిలిచినవాళ్ళు ఎంతమందో.
నాది కాదనే అనుకున్నాను.
అదేమో అడగకుండా నా నోట్లో అద్దెకు దిగి,
మూడో దేశంలో ఎవరో తలుపు తడితే
నాకంటే ముందు వెళ్ళి తీసింది.

రాత్రి దూరంగా పడవల పచ్చదీపాలు.
"అదిగో, అవతలి ఒడ్డు" అంది వియెంగ్‌ఖోన్,
నన్ను క్షమించినట్టు.

తెల్లవారుజామున ఖాంఫుయ్ పాంటుతోనే దిగాడు.
సూర్యుడు నేరుగా నీళ్ళలోంచి లేచాడు.
మా ఊళ్ళో అయితే సున్నపురాతి కొండలెక్కి
ఆలస్యంగా, ఆయాసపడుతూ వస్తాడు.
(మా ఊళ్ళో. రాశాక చూసుకున్నాను. కొట్టెయ్యలేదు.)
ఒక అల చెంప మీద కొట్టింది ఖాంఫుయ్‌ని.
తిరిగొచ్చి, ఇంజను చప్పుడు గురించి చెప్పే గొంతుతో
"నది పక్కకి లాగుతుంది. ఇది లోపలికి లాగుతోంది" అన్నాడు.
ఏడేళ్ళ నా నివేదికల్లో
అంత సూటి వాక్యం ఒక్కటి లేదు.

సోమవారం నది మట్టం మూడు మీటర్ల నలభై రెండు.
పుస్తకం మడతలోంచి ఇసుక
ఆ అంకె మీద రాలింది. ఊదేశాను, పోలేదు.

ఖాంఫుయ్ వాళ్ళమ్మ కోసం
రెండు లీటర్ల సీసా నింపి తెచ్చాడు,
దారంతా ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని.
ఆవిడ మూతలో పోసుకుని నాలుక తడిపి
తుపుక్కున ఉమ్మేసింది.
"దీనికోసమా అంత దూరం?
మన పాడేక్ జాడీలోనే ఇంతకంటే ఉప్పుంది."

మిగిలింది పారబోస్తుందేమోనని చూశాను.
మూత బిగించి, రెండోసారి బిగించి,
బియ్యం డబ్బా వెనక, చల్లగా ఉండే చోట
పెట్టింది.