టికెట్టు వెనక చిల్లర

పుష్యమాసం. అయిదు కావస్తోంది.
మంకీ క్యాపులో తల దూర్చి
గేటు గొళ్లెం చప్పుడవకుండా తీస్తాను.
దమయంతి మెలకువగానే ఉంటుంది, తెలుసు.
ముప్పయ్యేళ్ల ఫస్ట్ సర్వీసు డ్యూటీల్లో
పడుకున్నట్టు ఉండిపోవడం
ఆమె నా కోసం నేర్చుకున్న మర్యాద.

"రోజూ ఎంత నడుస్తారు?" అనడిగేడు డాక్టరు.
నవ్వొచ్చింది.
శ్రీకాకుళం నుంచి బత్తిలి, బత్తిలి నుంచి శ్రీకాకుళం,
భూమిని ఎన్ని చుట్లు చుట్టేనో.
"నడిచింది చక్రాలండి, నేను నిలబడ్డాను" అన్నాను.
ఆయన నవ్వలేదు.
నాలుగు కిలోమీటర్లు అని రాసి కింద గీత గీసేడు,
రాత్రి డిపోలో నేను ఎస్సార్ కింద గీసినట్టే.

కుడిదానికంటే ఎడమ భుజం అంగుళం దిగిపోయింది.
సంచీ దించి పద్నాలుగు నెలలు.
భుజానికింకా కబురందలేదు.
ఆ సంచీలో ఎంత డబ్బు మోసేనో!
ఒక్క రూపాయి నాది కాదు.
కట్టేసి ఇంటికొచ్చి ఎంత తోముకున్నా
అన్నం ముద్దలో నాణేల వాసన.

ఇప్పుడున్నది నాదే.
పింఛను, నాలుగు వేలకి తొంభై ఆరు తక్కువ.
బ్యాంకులో వేసింది కదలకుండా ఉంది,
వడ్డీ మాత్రం పాసింజరు బండి,
ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది.

మేడ మీద పన్నెండు ఇనపచువ్వలు
రాని బస్సుకోసం నిల్చున్న జనంలా.
తుప్పు పట్టకుండా దమయంతి వాటికి
ఖాళీ నీళ్లసీసాలు బోర్లించింది.
"పైన వాటా వేస్తే అద్దొస్తాది" అంటుంది.
ముందు మెట్లెక్కి చూపించు, అంటుంది మోకాలు.

నాగావళి వంతెన మీద మంచు.
కింద నది ఉందని నమ్మడమే.
రెండో దీపస్తంభం దగ్గర ఊపిరి
హోల్డాన్ అంటుంది.
స్తంభం పట్టుకుని నిలబడతాను,
బస్సులో పైరాడ్డు పట్టుకున్నట్టు.
ఆర్మీ సెలక్షన్లకి పరిగెట్టే కుర్రాళ్లు
ముక్కుల్లోంచి ఆవిర్లు కక్కుతూ వస్తారు.
"తాతా, సైడు!"
ముప్పయ్యొక్కేళ్లు నేనన్న మాటది:
జరగండి, జరగండి, లోపలికి జరగండి.

వంతెన చివర దాలమ్మ చోడంబలి కుండ.
గ్లాసు అందిస్తూ చెయ్యి ఆపింది.
"బత్తిలి బస్సు కండట్రువి కాదా బావూ?
కొత్తూర్లో దిగినాను. ఏడ్రూపాయలు రావాల.
టికెట్టు ఎనక రాసిచ్చినావు.
నాను అడిగేసరికి బస్సు ఎల్లిపోనాది."

ఎన్నేళ్లయిందని అడగలేదు.
అలాంటి టికెట్లు ఎన్ని రాసేను!
చిల్లర లేకే రాసేను చాలా.
ఇందాక ఒక్క రూపాయి నాది కాదన్నాను చూడండి,
అది పూర్తి నిజం కాదు.
మర్చిపోయి దిగిపోయినవాళ్ల చిల్లర
పాలకొండ రోడ్డు మీద టీలయ్యేది,
ఓసారి దమయంతికి మల్లెపూలయ్యింది.
పూల సంగతి ఆమెకి చెప్పలేదు.

అంబలి వేడిగా, ఉప్పగా, ఉల్లిపాయ తగులుతూ దిగింది.
ఇరవై నోటిచ్చేను.
"పదేనూ ఏడూ ఎంత బావూ?"
లెక్క నాకు నేర్పాలా. ఇరవై రెండు.
జేబులు తడుముకున్నాను,
కుడిది, ఎడమది, స్వెట్టరు లోపలిది.
చిల్లర లేదు.
"ఏటి, రాసిస్తావేటి?" అంది.
కొంగు చాటున నవ్విందో లేదో
మంచులో తెలీలేదు.

తిరిగొచ్చేసరికి ఎండ గోడెక్కింది.
రాత్రి గాలికి ఒక సీసా ఎగిరిపోయి
పెరట్లో పడి ఉంది.
తీసుకుని మెట్లెక్కేను, మొత్తం పద్దెనిమిది.
తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయేను.
కింద వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.
వింటోంది.
రేపటికి రెండు రూపాయి బిళ్లలు తీసిపెట్టాలి,
ఒకటి ఎక్కడైనా పడిపోతే.

రైట్, అన్నాను మోకాలితో.
రైట్ రైట్.