గంప కాలబెట్టిన రోజు

పదమూడు గుడ్ల మీద కూసున్నది
మా నల్లపెట్ట.
ఎనిమిదో రాత్రి లేచిపోయింది.
తెల్లారి ముట్టుకుంటే గుడ్లన్నీ సల్లగ,
ప్రాణహిత ఒడ్డుకు ఏరిన గుండ్రాళ్ల లెక్క.

"తల్లివేనా నువ్వు?" అని
పొరక తిరగేసి ఒక్కటిచ్చిన.
పట్టుకొచ్చి గుడ్ల మీదికి తోసి
గంప బోర్లించి
పైన రాయి పెట్టిన.
అది అరవలేదు.
రెక్క సందుల ముక్కు పెట్టి
ఏదో వెతుక్కుంట నిలబడ్డది.

ఆ రాత్రి సిరొంచల కరెంటు పోయింది.
చార్జింగు లైటు పట్టుకొని గంప లేపిన.
వెదురు బద్దల సందుల నుంచి
ఎర్రటి దుమ్ము నడుస్తాంది.
దుమ్ము నడుస్తదా?
చెయ్యి పెడితే
మోచేతి దాకా ఎక్కింది.

కోడిపేండ్లు.
పగలంతా బద్దల్ల పండుకొని
చీకటి పడ్డంక లేచి
దాని పొట్ట కింద తాగి తాగి
కోడి కూసే యాళ్లకు
ఎవలకూ తెల్వనట్టు
మళ్ల వెదురైపోతున్నయి.

ఈకలు విప్పి చూసిన.
తోలు పచ్చిపుండు.
నెత్తి మీది ఎర్రజుట్టు పాలిపోయి
అటుకుల రంగుకొచ్చింది.
ఎనిమిది రాత్రులు కూసున్నది దీని మీద.
నేను
లైటు పట్టుకున్నంత సేపు కూడ
చెయ్యి ఉంచలేకపోయిన.

పొద్దుగాల దుర్గం ముత్తుబాయి వచ్చింది,
కొంగుల సీతాఫలం గింజల పొడి,
చేటల పిడకల బూడిద,
వేపమండలు సంకల.
"కండ్లల్ల పడనియ్యకు, పొడి గుడ్డిజేస్తది.
గంపను కాలబెట్టు.
మొన్ననే కొన్న అనకు."

కాలబెట్టిన.
వెదురు పగులుతుంటే
మంగలంల పేలాలు ఎగిరినట్టు
చిటచిట, చిటచిట.
చెప్పుకోవద్దు గానీ
నాకు శానా మంచిగనిపించింది.

బూడిద కుప్పల దింపితే
నల్లపెట్ట రెక్కలు పరిచి పొర్లింది.
పొర్లి పొర్లి
లేచేసరికి ముసలిదాని లెక్కుంది.
ఒక్కసారి దులుపుకొని
తిన్నగ గుడ్ల కాడికే పోయింది.
గుడ్లిప్పుడు కొత్త గడ్డిల, పాత ఇనుప తట్టల.
నా దిక్కు చూడలేదు.

అప్పుడు యాదికొచ్చింది మోత్యా.
మూడు రోజులాయె కుక్క గడప దాటక.
చెవి మడత విప్పితే
ఆముదం గింజలు ఆరబోసినట్టు
నున్నగ, నిండుగ
గోమార్లు.

పశువుల దవాఖానల
సునంద డాక్టరుతోని "గోచీడ్" అన్నది,
నాతోని గోమారి అన్నది.
దాని ఏడో తరగతి మరాఠీ
నాకు అక్కరకొచ్చేది ఇసొంటి కాడనే.
"కుక్క మందు పిల్లికి పొయ్యద్దు, సచ్చిపోతది,"
డాక్టరు మూడుసార్లు చెప్పిండు,
పిల్ల మూడుసార్లు తెలుగు చేసింది.
మూడోసారికి నాకే కోపమొచ్చి
"సమజ్‌లే!" అన్న.
ఆయన నవ్విండు.
మా ఇంట్ల పిల్లి లేదని
ఎవలూ అడగలేదు.

సీసా మూతల గ్యాసునూనె.
పట్టకారుతోని తలకాయ కాడ పట్టి
మెల్లగ, తిప్పకుండ, గుంజుడు.
గోటితోని నలపొద్దు.
ఒకటి, రెండు, పదిహేడు...
మోత్యా వణుక్కుంట
నా తొడ మీద ముందరికాలు పెట్టి
కండ్లు మూసుకున్నడు.
నలభై ఒకటి.
సునంద లెక్క నలభై మూడు.

రెండు రోజులు ఆలస్యంగ
పదమూడు గుడ్లల్ల నాలుగు పగిలినయి.
కడమ తొమ్మిది
కొట్టం ఎనుక బొంద తీసి పెట్టిన,
కుక్క తవ్వకుండ మీద రాయి.
గంప మీద పెట్టిన రాయే అది.

ఆ నాలుగు పిల్లలు ఇప్పుడు
ఇల్లంతా తొక్కుతయి.
నేను ఉట్టి చేతులతోని పోతే
నల్లపెట్ట ఏమనదు.
పొరక పట్టుకున్ననంటే మాత్రం
పిల్లలను రెక్కల కిందికి గుంజుకొని
మెడ ఈకలు లేపుకొని నిలబడ్డది అన్నట్టే.
వాకిలి ఊడ్సుడు సునంద పనైంది.

కరెంటు పోయిన రాత్రులల్ల
నిద్రల చెయ్యి గోక్కుంట లేస్త,
మణికట్టు నుంచి మోచేతి దాకా.
లైటు వేసి చూస్త.
ఏం లేదు.